జేబులో మూడు ఫ్యూజులు

జులై 6, శనివారం

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటాయి. ఇది ఎవరి చేతిలో పడినా మన్నించాలి. ఎవరి చేతిలోనూ పడదు, పెట్టెలో నా బట్టల కింద దాస్తాను. అయినా ఊరి బడిలో షేక్ గారు ఏం రాయించినా ముందు ఈ ముక్క రాయించేవారు. ఇన్నేళ్ళయినా చెయ్యి దానంతట అదే రాసేసింది. చక్కెర ఫ్యాక్టరీ లాగ్ పుస్తకంలో కూడా నేను రాసింది తక్కువే. నేను చెబుతుంటే నా కింద పనిచేసే బఖీత్ రాసేవాడు. వాడి అక్షరాలు సాళ్ళలో నాటిన చెరకులా ఉంటాయి.

ఇవాళ శిక్షణ మొదలైంది. కరెంటు చదువు లేని సూపర్‌వైజర్లందరికీ పెట్టారు. రెండు వారాలు. పదకొండు మందిమి. అందరిలో పెద్దవాణ్ణి నేనే, యాభై తొమ్మిది. వచ్చే సీజన్ అయితే రిటైర్మెంటు. నేర్పేది ఆడమనిషి, ఇంజనీరు, పేరు ఇన్సాఫ్. అస్యూత్ పట్నం నుంచి వచ్చింది. మా కూతురు సనియ్యా వయసుంటుంది.

చక్కెర పాకం చూసే హిల్మీ లేచి, "ఇంజనీరమ్మా, నాకు ఇంట్లో బల్బు మార్చడం కూడా రాదు. మా ఆవిడ మారుస్తుంది, నేను స్టూలు పట్టుకుంటాను" అన్నాడు.

"మంచిది. స్టూలు పట్టుకునేవాళ్ళ కోసమే నేను వచ్చింది" అంది ఆమె. "మీ చేత వైర్లు కలిపించను. మీ మనిషిని మిషను లోపలికి పంపే ముందు ఏం అడగాలో, ఏం చూడాలో అది నేర్పుతాను."

తలా ఒక నోటుబుక్కు ఇచ్చింది. రోజూ నాలుగు ముక్కలు రాసుకోమంది. తను చూడదట.

మార్చిలో బఖీత్‌కు అలా జరిగింది కాబట్టే ఈ శిక్షణ. ఆ మాట ఎవరూ అనలేదు. నా వైపు చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడ్డారు.

ఆ రోజు నేను ఫ్యూజులు తీశాను. నా జేబులోనే ఉన్నాయి. ఇంతకన్నా రాయడానికేం లేదు.

జులై 7, ఆదివారం

ఒక్కొక్కరినీ లేచి తన మిషను గురించి, మనుషుల్ని దింపే ముందు తను చేసే పని గురించి చెప్పమంది. నా వంతు వచ్చింది. లేచాను. "చెరకు క్యారియర్" అని కూర్చున్నాను.

"మా శాజ్లీ మేస్త్రీకి నెలకు ముప్పై మాటలే కోటా అమ్మా. ఈ నెలవి అప్పుడే అయిపోయాయి" అన్నాడు హిల్మీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చెప్పాల్సింది ఇక్కడ రాస్తాను. క్యారియర్ అంటే చెరకును గానుగ రోలర్ల దాకా మోసుకెళ్ళే గొలుసు పట్టా. ఇనప పలకలు, రెండు వైపులా గొలుసులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా చేతి కింద ఉంది. పలక విరిగినా, లింకు తెగినా మనిషి లోపలికి దిగి బాగుచేయాలి. దిగే ముందు నేను గోడ మీది ఫ్యూజు పెట్టె తెరిచి మూడు ఫ్యూజులూ పీకి కోటు జేబులో వేసుకుంటాను. పింగాణీవి, ఒక్కొక్కటి కోడిగుడ్డంత ఉంటుంది. దిగేవాడు పైనుంచే అడుగుతాడు.

"మేస్త్రీ, జేబు బరువుగా ఉందా?"

నేను జేబు మీద కొడతాను. మూడూ ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినకుండా ఎవడూ దిగడు. మళ్ళీ పైకి వచ్చి నా ఎదుట నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాకే ఫ్యూజులు తిరిగి పెడతాను. మా పాత మేస్త్రీ నాకు నేర్పిన పద్ధతి ఇది. కాగితం లేదు, తాళం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కడికి వేలు కూడా తెగలేదు.

మార్చి వరకు.

జులై 8, సోమవారం

ఎండ నలభై ఆరు. వోల్టులు, ఆంపియర్లు. నీళ్ళ గొట్టాన్ని పోల్చి చెప్పింది. అర్థమైందనే అనుకుంటున్నాను.

జులై 9, మంగళవారం

తలా ఒక ఎర్ర తాళం ఇచ్చింది. ఒకటే తాళంచెవి. పేరు రాసిన అట్ట.

"స్విచ్ ఆపండి. తాళం వేయండి. పేరు తగిలించండి. మీ మనిషి లోపల ఉన్నంతసేపు తాళంచెవి మీ దగ్గరే ఉండాలి."

"ఇంకొకటి ఇప్పించమ్మా, మా అత్తగారి నోటికి" అన్నాడు హిల్మీ.

"ముందు మీ నోటికి వేసి చూద్దాం. సరిపోతే ఆవిడకూ ఇస్తాను."

రెండు నిమిషాలు క్లాసు ఆగిపోయింది. హిల్మీ ముఖం బీట్‌రూటు.

తర్వాత ఆమె ఒక మాట చెప్పింది. అది రాసుకోవాలి. "ఇదంతా అయ్యాక స్టార్ట్ బటన్ దగ్గరికి వెళ్ళి మీ చేత్తో నొక్కండి. మిషను కదలకూడదు. నొక్కి చూడకపోతే కరెంటు ఆపినట్టు కాదు, ఆపామని అనుకున్నట్టు."

నేను ఎప్పుడూ నొక్కి చూడలేదు. అవసరం రాలేదు. ఫ్యూజులు జేబులో ఉంటే ఎలా కదులుతుంది?

జేబు తాకి చూసుకున్నాను. ఉన్నాయి.

జులై 10, బుధవారం

టీ వేళ హిల్మీ పక్కకొచ్చి కూర్చున్నాడు. నిన్న సాయంత్రం నది దాటి బఖీత్‌ను చూసొచ్చాడట. నాలుగు నెలలైంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాడట.

"ఏమన్నాడు?" అన్నాను.

"నిన్నే అడిగాడు. మేస్త్రీకి లాగ్ పుస్తకం ఇప్పుడెవరు రాస్తున్నారు అని. నువ్వే రాసుకుంటున్నావని చెప్పా. ఒకటే నవ్వు. అక్షరాలు పెద్దవిగా రాయమను, వరసకీ వరసకీ మధ్య చోటు వదలమను అన్నాడు."

"ఇంకేం?"

"ఇంకేం లేదు. వాళ్ళమ్మ పాలు పోసిన టీ ఇచ్చింది. రొట్టె తిననిదే వదల్లేదు." హిల్మీ గ్లాసు అడుగున చక్కెర కలుపుతూ ఉండిపోయాడు. "ఆదివారం కాదు, పై ఆదివారం విచారణ కమిటీ కూర్చుంటుంది మేస్త్రీ. తప్పు వాడిదే అని రాస్తే ఉద్యోగం పోతుంది, కాలికి రావాల్సిన పెన్షనూ పోతుంది. నీకు తెలుసుగా."

తెలుసు.

ఒకసారి రాసి పెట్టుకుంటాను. మార్చి 11. మధ్యాహ్నం నమాజు అయింది. పలక విరిగి క్యారియర్ ఆగింది. బఖీత్ దిగాడు. పైన కంట్రోల్ గదిలో ఆపరేటర్‌కు కింద మనిషి ఉన్నట్టు కనపడదు. అతను బటన్ నొక్కాడు. పట్టా రెండు గజాలు కదిలింది.

కమిటీ మొదటిసారి కూర్చున్నప్పుడు గుమాస్తా రాశాడు, నేను సంతకం పెట్టాను. "అతణ్ణి లోపలికి దిగమని నేను చెప్పినట్టు గుర్తు లేదు." అబద్ధం కాదు. ఆ గోలలో ఎవరికి గుర్తుంటుంది?

జులై 11, గురువారం

క్లాసులో నిద్ర వచ్చింది. రేపు జుమ్మా నమాజు అయ్యాక అవతలి ఒడ్డుకు వెళ్తాను.

జులై 12, శుక్రవారం

వెళ్ళలేదు. ఎండ. పడవలో గేదెల్ని ఎక్కించారు, చోటు లేదు. మా ఆవిడ నబవియ్యాకు మోకాలి నొప్పి.

జులై 13, శనివారం

ఈ సాయంత్రం నబవియ్యా మేడ మీద, పొంగడానికి ఎండలో పెట్టిన పిండి రొట్టెలు తిప్పుతోంది. నేను కోటు విప్పకుండా కూర్చున్నాను.

"సనియ్యా నాన్నా, నాలుగు నెలలుగా ఆ జేబు మీదే చెయ్యి. ఏం గుడ్లు పొదుగుతున్నావు అందులో?"

తీసి చూపించాను. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. రొట్టె పిండి అంటుకుంది దానికి.

"ఇవేనా, తీస్తే మిషను ఆగిపోయేవి?"

"ఇవే."

"ఎప్పుడు తీశావు?"

"బఖీత్ దిగిన రోజు."

"మళ్ళీ పెట్టలేదా?"

"లేదు."

ఆమె రొట్టెలు తిప్పడం ఆపింది. "మరి మే నెల దాకా ఫ్యాక్టరీ నడిచిందిగా. చెరకు బళ్ళు మన ఇంటి ముందు నుంచే పోయాయి, దుమ్ముకు నేను కిటికీలు మూశాను. ఇవి నీ దగ్గరుంటే మిషను ఎలా నడిచింది?"

"వేరేవి పెట్టి ఉంటారు."

"ఎవరు?"

"ఎవరో. కరెంటువాళ్ళు."

"నీకు చెప్పకుండానా?" అంది. రొట్టెలు ఎత్తుకుని కిందికి దిగింది. బడి గడప తొక్కలేదు ఈ మనిషి.

వేరేవి పెట్టే ఉంటారు.

జులై 14, ఆదివారం

క్లాసు మధ్యలో రిఫాత్ బే ఆఫీసుకు పిలిపించాడు. సిబ్బంది వ్యవహారాలన్నీ ఆయన చేతిలోవే. ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. మందార పూల షర్బత్ తెప్పించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు.

"శాజ్లీ మేస్త్రీ, మార్చిలో చెప్పిందే మళ్ళీ చెప్తే చాలు. ఒక్క మాట. ఇంటికెళ్ళి పడుకో."

"బఖీత్?"

"బఖీత్‌ను మేం చూసుకుంటాం. గేటు దగ్గర ఏదో చిన్న పని, మాటవరసకి. ఇప్పుడే ఏం చెప్పలేను." సొరుగు లాగి ఒక కాగితం సగం పైకి తీశాడు. "ఇది గుర్తుందా? రెండేళ్ళ కిందటిది. కింద నీ సంతకం ఉంది. నేను ఎవరికీ చూపించలేదు. చూపించే అవసరమూ రాకూడదు. ఒక్క సీజన్ మిగిలింది నీకు. పెద్దమనిషివి, గౌరవంగా వెళ్ళిపోవాలి."

కాగితంలో ఏముందో అడగలేదు. షర్బత్ మొత్తం తాగాను. చాలా తీపి.

జులై 15, సోమవారం

రేపు ప్రాక్టికల్. క్యారియర్ దగ్గరే పెట్టింది.

జులై 16, మంగళవారం

పదకొండు మందిమీ క్యారియర్ చుట్టూ నిలబడ్డాం. మరమ్మతు అయిపోయి గొలుసులు బిగించి ఉంది. లోపల ఎవరూ లేరని ఇన్సాఫ్ రెండుసార్లు చూసి వచ్చింది. తాడు కట్టించింది. కంట్రోల్ గదికి ఫోన్ చేసి చెప్పింది. స్టార్ట్ బటన్ దగ్గర హిల్మీని నిలబెట్టింది.

"దీని కరెంటు ఎవరు ఆపేవారు, మనిషి దిగేటప్పుడు?"

నేను చెయ్యెత్తాను, బడిలో ఎత్తినట్టు.

"చూపించండి బాబాయ్. ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే."

గోడ దగ్గరికి వెళ్ళాను. నా ఫ్యూజు పెట్టె తలుపు తెరిచాను. లోపల మూడు ఖాళీ గుంటలు. ఎవరూ వేరేవి పెట్టలేదు. నా చెయ్యి జేబులో ఉంది. మూడూ అక్కడే.

"ఫ్యూజులు ఏవి?" అంది.

తీసి అరచేతిలో పెట్టి చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత టెస్టర్ తెచ్చి పెట్టె లోపలి తీగలన్నిటికీ ఆనించింది. దీపం వెలగలేదు. "వెనక్కి జరగండి అందరూ" అంది. హారన్ మోగించింది. హిల్మీకి చెయ్యూపింది.

పట్టా కదిలింది.

పలకలు ఒక్కొక్కటే నా ముందు నుంచి వెళ్ళాయి. నేను ఫ్యూజులు పట్టుకుని నిలబడే ఉన్నాను. హిల్మీ ఆపాడు. ఇంజన్లు ఆగాక చెవుల్లో ఉండే నిశ్శబ్దం ఉంటుందే, అది. హిల్మీ ఏదో ఒకటి అంటాడని అందరూ చూశారు. వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ పెట్టె రెండేళ్ళ కిందటే చచ్చిపోయింది" అంది ఇన్సాఫ్. "క్యారియర్‌కు కరెంటు ఆ కొత్త ప్యానెల్ నుంచి వస్తోంది. దీన్ని గోడ మీంచి పీకేయాలి. పీకలేదు. ఫ్యూజులు కూడా అందులోనే వదిలేశారు."

అందర్నీ పంపేసింది. నాకు నీళ్ళ సీసా ఇచ్చింది.

"బాబాయ్, ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళే" అన్నాను.

జులై 17, బుధవారం

ఇవాళే తెలిసిందని చెప్పాను నిన్న.

జులై 18, గురువారం

ఈ ముక్క మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.

జనవరిలో ఒక పలక విరిగితే ఫ్యూజులు తీయడానికి పెట్టె తెరిచాను. మూడు ఫ్యూజుల మీదుగా సాలెగూడు ఉంది. మధ్యలో సాలీడు కూడా ఉంది. కరెంటు పారే ఫ్యూజు తీస్తే చేతికి వెచ్చగా తగులుతుంది. ముందు ఏళ్ళలో వెచ్చగానే తగిలేవి, కిందటి సీజన్‌లోనే చల్లబడ్డాయేమో, గమనించలేదు. అవి చల్లగా ఉన్నాయి. దుమ్ము పట్టి ఉన్నాయి.

బొటనవేలితో గూడు తుడిచేశాను. ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాను. అప్పుడు దిగింది బఖీత్ కాదు, వేరేవాడు. ఏం కాలేదు. పైనవాడు బటన్ నొక్కలేదు కాబట్టి.

కరెంటువాళ్ళను అడగాల్సింది. వాళ్ళ గది ఇరవై అడుగుల దూరం. తలుపు దాకా వెళ్ళాను. లోపల నవ్వుకుంటున్నారు. రెండేళ్ళ కిందట కొత్త ప్యానెల్ పెట్టేటప్పుడు వాళ్ళు గోడకు పెద్ద బొమ్మ అతికించి గంటసేపు చెప్పారు. నాకు ఒక్క గీత అర్థం కాలేదు. ఒక ప్రశ్న అడిగితే, "మేస్త్రీ, నువ్వు గొలుసు లింకులు లెక్కపెట్టుకో, ఇది మాకొదిలేయ్" అన్నాడు ఒకడు. కాగితం ఇచ్చారు. ఆ రోజు బఖీత్ సెలవులో ఉన్నాడు. చదివి చెప్పేవాడు లేడు. అందరి ముందు కూడబలుక్కుని చదవడానికి సిగ్గేసి సంతకం పెట్టేశాను. రిఫాత్ బే సొరుగులో ఉన్నది అదే. పాత పెట్టె పనికిరాదని అందులో రాసే ఉంటుంది.

జనవరిలో ఆ తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. సాలీళ్ళు ఎక్కడైనా గూడు కడతాయి అనుకున్నాను.

మార్చి 11న బఖీత్ క్యారియర్ అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేశాడు.

"మేస్త్రీ, జేబు బరువుగా ఉందా?"

నేను జేబు మీద కొట్టాను. చప్పుడైంది.

"బరువుగానే ఉందిరా. దిగు."

గుర్తు లేకపోవడమేమిటి. నా గొంతు నాకు వినపడుతూనే ఉంది.

జులై 19, శుక్రవారం

జుమ్మా అయ్యాక పడవ ఎక్కాను. అవతలి రేవు వచ్చింది. అందరూ దిగారు. మెట్ల మీద బఖీత్ వాళ్ళమ్మ గిన్నెలు తోముతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచి నిలబడింది, ఇంటికొచ్చే చుట్టానికి నిలబడ్డట్టు.

నేను దిగలేదు. అదే పడవలో వెనక్కి వచ్చాను. పడవవాడు రెండోసారి డబ్బులు అడగలేదు.

జులై 20, శనివారం

చివరి పరీక్ష. నేను త్వరగా రాయలేనని తెలిసి ఇన్సాఫ్ నోటితో అడిగింది.

"మీ మనిషిని ఎప్పుడు లోపలికి దింపుతారు బాబాయ్?"

"నేను బటన్ నొక్కాక. అది కదలనప్పుడు."

"ముందు ఏం చేస్తారు?"

"కంట్రోల్ గదికి చెప్తాను. స్విచ్ ఏదో తెలియకపోతే కరెంటువాళ్ళ గదికి వెళ్తాను. నవ్వితే నవ్వనిస్తాను. తెలిసేదాకా కూర్చుంటాను."

ఆమె రాయడం ఆపి చూసింది. ప్యాసని చెప్పింది. సర్టిఫికెట్ ఇచ్చింది. బంగారు అంచు ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఫ్యూజులున్న జేబులోనే వేసుకున్నాను.

వరండాలో నాతో నడిచింది. "ఆ రోజు మీరు ఇవాళే అన్నారు. నేను మళ్ళీ అడగను. నేను బయటిదాన్ని, రేపు బస్సెక్కి వెళ్ళిపోతాను. ప్రాక్టికల్‌లో చూసింది చూసినట్టు రిపోర్టు రాసిచ్చాను. పెట్టె చచ్చిందని అందులో ఉంటుంది. మీరు ఏం చెప్పి అతణ్ణి దింపారో ఉండదు. అది నేను చూడలేదు."

"కావాలంటే మీరు చెప్పండి, నేను రాసిపెడతాను" అంది మళ్ళీ.

వద్దన్నాను. నేను చెబితే ఇంకొకరు రాయడం ఇక చాలు.

సాయంత్రమంతా రాశాను. ఒక్క పేజీ. నబవియ్యా టీ తెచ్చి తలుపు దగ్గరే ఉండిపోయింది.

"ఎవరికి?"

"కమిటీకి."

"ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

గ్లాసు నా పక్కన పెట్టింది. "గుడ్లు పొదిగావు, పిల్ల బయటికొచ్చింది" అంది. నవ్వలేదు. కాసేపాగి వచ్చి పాత కోటు కాదని పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు తీసి కుర్చీ మీద పెట్టింది.

జులై 21, ఆదివారం

కమిటీలో నలుగురు. రిఫాత్ బే చివర. ఇన్సాఫ్ రిపోర్టు బల్ల మీదే ఉంది.

"మార్చిలో ఇచ్చిన వాంగ్మూలమే కదా మేస్త్రీ?" అన్నాడు రిఫాత్ బే. గుమాస్తా అప్పుడే రాయడం మొదలుపెట్టాడు.

"కాదు" అన్నాను.

గుమాస్తా కలం ఆగింది.

నా పేజీ తీసి చదివాను. చదవడం నెమ్మది. రెండుచోట్ల నా అక్షరాలు నాకే అర్థం కాలేదు, ఆగి మళ్ళీ చదివాను. వాడు అడిగాడని, నేను జేబు మోగించి దిగమన్నానని చదివాను. సాలెగూడు సంగతి చదివాను. చదవకుండా సంతకం పెట్టిన కాగితం బే గారి సొరుగులో ఉందని చదివాను.

"ఈయనకు ఒంట్లో బాగాలేదు" అన్నాడు రిఫాత్ బే. "ఎండల్లో క్లాసులు పెట్టారు. మేస్త్రీ, కూర్చో. నీళ్ళు తాగు."

"బే గారూ, నా ఒళ్ళు బాగానే ఉంది."

"నువ్వు చెప్పేది నీకు అర్థమవుతోందా? తప్పు నీ మీదికి వస్తుంది."

"అక్కడే ఉందండి. కొత్తగా రావడం లేదు."

మూడు ఫ్యూజులూ బల్ల మీద పెట్టాను. ఒకటి దొర్లి కమిటీ పెద్దాయన కాగితాల దగ్గరికి వెళ్ళింది. ఆయన పట్టుకున్నాడు. చేతిలో బరువు చూసుకుంటున్నట్టు పట్టుకునే ఉన్నాడు.

"ఇవి జేబులో ఉండగా మే దాకా నడిచిందా?" అన్నాడు.

"నడిచిందండి. ముందు మా ఆవిడే అడిగింది ఆ ప్రశ్న."

సొరుగులో కాగితం తెమ్మని ఆయన రిఫాత్ బే వైపు చూడకుండానే అన్నాడు.

జులై 22, సోమవారం

కోటు వేసుకున్నాను. తేలిగ్గా ఉంది. నబవియ్యా ఉలిక్కిపడింది. "చప్పుడు లేకుండా వస్తే ఎలా, దొంగలా" అంది.

జులై 23, మంగళవారం

నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. హిల్మీ నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళి చదివాడు. బఖీత్ ఆజ్ఞ మేరకే దిగాడు, అతని తప్పు లేదు. కాలికి రావాల్సింది వస్తుంది, కూర్చుని చేసే పని ఇస్తారు. పాత పెట్టె తీయనందుకు వేరే విచారణ. శాజ్లీ సస్పెన్షన్, నిర్ణయం వచ్చేదాకా ఫ్యాక్టరీలోకి రాకూడదు.

హిల్మీ ఏదో జోక్ వేయబోయాడు. రాలేదు. గేటు దాకా వచ్చి, "ఈ నెల కోటా దాటేశావు మేస్త్రీ" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

గోడ మీది పెట్టెను ఇవాళే పీకేశారట. గోడలో నాలుగు చిల్లులు మిగిలాయట.

జులై 24, బుధవారం

ఇది చించి హిల్మీ చేతికిచ్చి బఖీత్‌కు పంపాలి. ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను.

బఖీత్‌కు శాజ్లీ సలాం. మీ అమ్మకు కూడా.

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. వరసల మధ్య చోటు వదిలాను. తప్పులుంటాయి, నువ్వు దిద్దుకో.

నోటీసు సంగతి హిల్మీ నీకు చెప్పే ఉంటాడు. అది నేను నీకు చేసిన మేలు అనుకోకు. నాలుగు నెలలు ఆలస్యంగా చెప్పిన నిజం. నా జేబు బరువుగా ఉందని నమ్మి నువ్వు దిగావు. ఆ బరువు ఉత్తిదని నాకు జనవరిలోనే అనుమానం వచ్చింది. నలుగురిలో అడగడానికి సిగ్గుపడ్డాను. నా సిగ్గు పోలేదు, నీ కాలు పోయింది. ఇంతకన్నా చిన్నగా రాయడం నాకు చేతకాలేదు.

మొదటిసారి కమిటీలో నువ్వు జేబు చప్పుడు విన్నానని చెప్పావని, ఎవరూ నమ్మలేదని నాకు తెలుసు. అప్పుడు నేను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. తలుపు తెరిచే ఉంది.

పోయిన శుక్రవారం రేవులో మీ అమ్మ నన్ను చూసింది. నేను దిగలేదని నీకు చెప్పిందో లేదో. ఆమె లేచి నిలబడింది. అది చూశాక పడవ దిగలేకపోయాను.

ఈ శుక్రవారం మొదటి పడవకు వస్తాను, నువ్వు రమ్మంటేనే. వద్దంటే రాను. ఇక్కడే ఉంటాను. ఎదురుచూడటం తప్ప ఇప్పుడు నాకు వేరే పని కూడా లేదు. రమ్మన్నా వద్దన్నా ఒక్క ముక్క రాయి. హిల్మీ చేత నోటితో చెప్పించకు, నీ చేత్తో రాయి.

పడవ శుక్రవారం ఏడింటికి. జవాబు ఆలోపు అందేలా రాయి.